తప్పు వేలిదా, తెరదా?

ఎల్లంతకుంట పేరును ఇంగ్లీషులో కొందరు ‘ఈ’ అక్షరంతో మొదలుపెడతారు, కొందరు ‘ఐ’తో, ఇంకొందరు ‘వై’తో. దీనివల్ల ఊళ్లో ఎవరికీ ఇబ్బంది లేదు. బోర్డు మీద ఎట్లా రాసి ఉన్నా ఆ బస్సు ఎల్లంతకుంటకే పోతుంది. చిక్కంతా వెబ్‌సైటులో దరఖాస్తు నింపేటప్పుడు వస్తుంది. అక్కడ మండలాల జాబితా ఇంగ్లీషు అక్షరక్రమంలో ఉంటుంది. ‘ఈ’ దగ్గర వెతికేవాడికి ‘ఐ’ దగ్గరున్న తన మండలం కనబడదు.

అంతకంటే ముందు జిల్లాను ఎంచుకోవాలి. 2016 అక్టోబర్ 11 దాకా ఎల్లంతకుంట కరీంనగర్ జిల్లాలో ఉండేది. ఆ రోజు కొత్త జిల్లాలు ఏర్పడి, ఇది రాజన్న సిరిసిల్ల జిల్లాలోకి వచ్చింది. పాత కార్డుల మీద ఇంకా కరీంనగర్ అనే ఉంటుంది. కార్డు చూసి కరీంనగర్ నొక్కితే దిగే జాబితాలో ఎల్లంతకుంట ఉండదు. కానీ హుజూరాబాద్ దిక్కున్న ఇల్లందకుంట ఉంటుంది. ఇంగ్లీషులో రాస్తే రెండు పేర్లకూ తేడా ఒకటి రెండు అక్షరాలే. వేలు దాని మీద పడుతుంది. సైటు ఏమీ అనదు. దరఖాస్తు సాఫీగా ముందుకు పోతుంది, వేరే జిల్లాలోని వేరే మండలానికి.

అది తిరిగొచ్చిన నాడు చుట్టుపక్కల వినపడే మాట ఒక్కటే: “చూసుకోకుండ నొక్కిండు.” నింపినవాడు కూడా అదే అనుకుంటాడు. వాడుక సౌలభ్యాన్ని పరీక్షించే శాస్త్రం ఇక్కడ ఇంకో ప్రశ్న వేస్తుంది. ఇదే జాబితా ముందు పదిమందిని కూర్చోబెడితే ఎంతమంది ఇక్కడే తప్పుతారు? ఇద్దరు ముగ్గురు తప్పినా సరే, ఆ తప్పును వేలి ఖాతాలో రాయకూడదు, తెర ఖాతాలో రాయాలి. ఈ చూపు పుట్టుకతో వచ్చేది కాదు, నేర్పితే వస్తుంది. కంప్యూటర్ పెద్దగా చదవని డిగ్రీ విద్యార్థికి కూడా నేర్పవచ్చు. ఎట్లా నేర్పాలన్నదే ఈ అధ్యాయం.

ఏం కొలుస్తున్నాం?

కొత్తగా వచ్చినవాళ్లు సైటును చూసి మొదట రంగుల గురించి మాట్లాడతారు. ఫొటో పెద్దగా ఉందంటారు, అక్షరాలు అందంగా లేవంటారు. అందం వేరే చర్చ. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1998లో విడుదల చేసి 2018లో సవరించిన ఐఎస్‌ఓ 9241-11 ప్రమాణం వాడుక సౌలభ్యాన్ని మూడు ప్రశ్నలుగా విడదీసింది. పని పూర్తయిందా? ఎంత సమయం, ఎంత శ్రమ పట్టింది? చేసినవారికి తృప్తిగా ఉందా? ఈ మూడూ గాలిలో కొలిచేవి కావు. ఎవరు, ఏ పని కోసం, ఏ పరిస్థితిలో వాడుతున్నారన్నది ముందే చెప్పాలని కూడా ఆ ప్రమాణం అంటుంది.

ఈ చివరి షరతు మన దగ్గర చాలా బరువైనది. ఎల్లంతకుంట నుంచి సిరిసిల్ల మీదుగా కోరుట్ల, జగిత్యాల దాకా పోతే ప్రభుత్వ సైట్ల అవసరం పడే మనుషులు రకరకాలుగా కనిపిస్తారు. పాసుబుక్కులో గుంటలు తక్కువ పడిన రైతు ఉంటాడు. పీఎఫ్ ఎంత జమైందో తెలుసుకోవాలనుకునే బీడీ కార్మికురాలు ఉంటుంది. భర్త దుబాయిలో ఉంటే అన్ని కాగితాలూ తానే చూసుకునే ఇల్లాలు ఉంటుంది. ‘దోస్త్’ సైటులో డిగ్రీ సీటు కోసం వెబ్ ఆప్షన్లు పెట్టే పిల్ల ఉంటుంది. “ఈ సైటు వాడటం తేలికేనా?” అని ఉత్తిగా అడిగితే జవాబుండదు. “ఈ నలుగురిలో ఎవరికి?” అన్న తర్వాతే జవాబు మొదలవుతుంది.

కొత్త కళ్లకు ఎంత కనబడుతుంది?

డెన్మార్క్‌కు చెందిన యాకోబ్ నీల్సన్ 1992లో అచ్చయిన తన పరిశోధనలో ఈ సంగతినే లెక్కగట్టాడు. ఖాతాదారు ఫోన్ చేస్తే యంత్రం మాట్లాడే ఒక బ్యాంకు సేవను తీసుకుని, దానిలోని లోపాలు పట్టమని మూడు రకాల మనుషులకు ఇచ్చాడు. వాడుక సౌలభ్యం గురించి ఏమీ చదవని కంప్యూటర్ విద్యార్థులు తలా సగటున 22 శాతం లోపాలను పట్టారు. వాడుక సౌలభ్యంలో అనుభవమున్నవారు 41 శాతం పట్టారు. ఆ అనుభవంతో పాటు అలాంటి ఫోన్ సేవల సంగతి కూడా తెలిసినవారు 60 శాతం పట్టారు.

శిక్షణ ఇచ్చేవారు ఈ అంకెలను రెండు వైపుల నుంచి చదవాలి. చదువు, అనుభవం కలిస్తే చూపు దాదాపు మూడింతలు పెరిగింది కాబట్టి శిక్షణ వృథా కాదు. రెండో వైపు, ఆరితేరినవాడికి కూడా ఒంటరిగా చూస్తే నూటికి నలభై లోపాలు కనబడలేదు. కాబట్టి ఎవరినీ ఒంటరిగా నమ్మకూడదు.

మరి కొత్తవాళ్లు అయిదుగురు కలిస్తే? ఒక్కొక్కరు 22 శాతం పడతారనుకుందాం. ఎవరి చూపు వారిదే, ఒకరితో ఒకరికి పోలిక లేదనీ అనుకుందాం. ఒకరి కన్నుగప్పే లోపాలు 78 శాతం. అయిదుగురి కళ్లూ గప్పేవి అయిదు 0.78లను ఒకదానితో ఒకటి గుణిస్తే వచ్చేవి, అంటే 29 శాతం. అంటే 71 శాతం దొరికినట్టే. ఇది కాగితం మీది లెక్క. నిజంలో ఇంతకంటే తక్కువే వస్తుంది. ఎందుకంటే తేలిక లోపాలు అందరికీ కనబడతాయి, లోతైనవి అందరినీ తప్పించుకుంటాయి. అయినా ఈ లెక్క శిక్షణకు దారి చూపుతుంది. ఒకటి, ప్రతి ఒక్కరి చూపునూ కాస్త పదును పెట్టాలి. రెండు, చూసేటప్పుడు వాళ్లను విడివిడిగా కూర్చోబెట్టాలి. ఒకే బల్ల చుట్టూ కూర్చుంటే అయిదుగురు కాస్తా ఒక్కరైపోతారు. గట్టిగా మాట్లాడే పిల్లవాడు చెప్పిందే అందరి కాగితాల్లోకీ ఎక్కుతుంది.

అభిప్రాయం నుంచి చీటీ దాకా

సిరిసిల్లలో మరమగ్గం మీది గుడ్డను తనిఖీ చేసేవాడు “గుడ్డ బాగాలేదు” అంటే ఎవరికీ పనికిరాదు. ఏ మీటరు దగ్గర పోగు తెగిందో వేలు పెట్టి చూపాలి. సైటు పరిశీలన కూడా అంతే. శిక్షణలో మొదటిరోజే అందరి నోటా వచ్చే వాక్యం “సైటు గందరగోళంగా ఉంది.” దాన్ని అక్కడే ఆపి, చీటీగా మార్చమని అడగాలి.

ఒక్కో లోపానికి ఒక్కో చీటీ. ఏ పేజీలో, ఏ చోట? మనిషి ఏం చేయబోయాడు? తెర ఏం చేసింది? దానివల్ల పనికి ఏమైంది? పైన చెప్పిన మండలం సంగతిని చీటీగా రాస్తే ఇట్లా ఉంటుంది: “చిరునామా పేజీ, మండలం జాబితా. దరఖాస్తుదారు పాత కార్డు చూసి కరీంనగర్ ఎంచుకుంటే ఎల్లంతకుంట లేదు, ఇల్లందకుంట ఉంది. తప్పు ఎంచుకున్నా హెచ్చరిక రాదు. దరఖాస్తు వేరే కార్యాలయానికి పోతుంది.” దీన్ని చదివిన ప్రోగ్రామర్ వాదించడానికి ఏమీ ఉండదు. అతనికి మందు కూడా అందులోనే దొరుకుతుంది. పేర్లను తెలుగులో చూపవచ్చు. ఊరి పేరు టైపు చేస్తే మండలం, జిల్లా వాటంతట అవే వచ్చేట్టు చేయవచ్చు. పాత జిల్లా ఎంచుకున్నవారికి కొత్త జిల్లా పేరు గుర్తు చేయవచ్చు.

చీటీ చివర తీవ్రత వేయాలి. నీల్సన్ వాడిన కొలబద్ద 0 నుంచి 4 దాకా ఉంటుంది. అసలు లోపమే కాదనిపిస్తే 0, పైపై మెరుగులకు సంబంధించినదైతే 1, చిన్నదైతే 2, పెద్దదైతే 3, సరిచేయకుండా జనంలోకి వదలకూడనిదైతే 4. ఎంతమందికి ఎదురవుతుంది, ఎదురైతే దాటగలరా, ఒకసారి తెలిశాక మళ్లీ పడతారా అనే మూడింటినీ చూసి అంకె వేస్తారు. కొత్తవాళ్లు అన్నింటికీ 4 వేస్తారు. అప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటే: “దీనివల్ల పని ఆగిపోయిందా, ఆలస్యమైందా, లేక విసుగు పుట్టిందంతేనా?”

పది సూత్రాలు, రెండు గుంటల కథ

చూపును పదును పెట్టడానికి అందరూ వాడే సాధనం పది సూత్రాల పట్టిక. 1990లో నీల్సన్, రోల్ఫ్ మోలిక్ కలిసి మొదట రూపొందించారు. 1994లో నీల్సన్ దాన్ని ఇప్పుడున్న రూపానికి తెచ్చాడు. ఏం జరుగుతోందో తెర చెబుతూ ఉండాలి. వాడేవారి భాషలో మాట్లాడాలి. వెనక్కి రావడానికి దారి ఉండాలి. ఒకే పనికి అన్ని పేజీల్లో ఒకే పేరుండాలి. తప్పు జరగకముందే ఆపాలి. గుర్తుపెట్టుకునే భారం మనిషి మీద వేయకూడదు. అలవాటైనవారికి దగ్గరి దారి ఇవ్వాలి. అనవసరమైనవి తెర మీద పెట్టకూడదు. తప్పు జరిగితే ఏమైందో, ఏం చేయాలో మామూలు మాటల్లో చెప్పాలి. సాయం కావాలంటే చేతికందాలి.

పట్టికను బట్టీ పట్టించడం సులువు. సూత్రాన్ని మన మట్టిలో చూపించినప్పుడే అది తలకెక్కుతుంది. రెండో సూత్రానికి తెలంగాణలో అందరికీ తెలిసిన ఉదాహరణ ఉంది. 2020 అక్టోబర్ 29న మూడు చింతలపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్‌రావు భూమి రికార్డుల కోసం ధరణి పోర్టల్‌ను ప్రారంభించారు. పాసుబుక్కులో తప్పులు సరిచేయించుకునే దరఖాస్తు టీఎం 33 అనే మాడ్యూల్ కిందికి వచ్చింది. రైతు భాషలో ఉన్నది “పేరు తప్పు పడ్డది”, “రెండు గుంటలు తక్కువ పడ్డయ్.” పోర్టల్ భాషలో ఉన్నది ఒక అంకె. మధ్యలో అర్థం చెప్పేవాడు కావలసి వచ్చాడు. “టీఎం 33 పెట్టినవా?” అని ఊళ్లల్లో అడిగేదాకా వచ్చిందంటే, ఆ పోర్టల్ వాడేవారి భాష నేర్చుకోలేదు, వాడేవారే దాని భాష నేర్చుకున్నారు.

ఇదే సూత్రం కొత్త పరిశీలకులను తప్పుదారి కూడా పట్టించగలదు. భూమి రికార్డుల్లో విస్తీర్ణం 2.20 అని ఉంటే చదువుకున్న పిల్ల దాన్ని రెండు ఎకరాల ఇరవై సెంట్లనో, రెండుంబావు కంటే కాస్త తక్కువనో చదువుతుంది. రైతు రెండెకరాల ఇరవై గుంటలని చదువుతాడు. ఎకరాకు నలభై గుంటలు కాబట్టి అది రెండున్నర ఎకరాలు. “అంకె తికమకగా ఉంది, దశాంశంలోకి మార్చాలి” అని ఆ పిల్ల చీటీ రాస్తే, నిక్షేపంలాంటి పేజీని చెడగొట్టమని చెప్పినట్టే. సూత్రంలో ఉన్నది ‘వాడేవారి భాష’, ‘పరిశీలించేవారి భాష’ కాదు. ఈ ఒక్క తేడా అర్థమైతే శిక్షణలో సగం పూర్తయినట్టే.

మెట్టుకు నాలుగు ప్రశ్నలు

సూత్రాల పట్టిక చేతికిస్తే కొందరు పేజీ అంతా తిరిగి వస్తారే తప్ప ఒక పనిని మొదటి నుంచి చివరిదాకా నడిపి చూడరు. అలాంటివారికి ఇంకో పద్ధతి ఉంది. 1990ల తొలి సంవత్సరాల్లో అమెరికాలో పీటర్ పోల్సన్, క్లేటన్ లూయిస్, జాన్ రీమన్, క్యాథ్లీన్ వార్టన్ దీన్ని తయారు చేశారు. పనిని మెట్లుగా విడదీసి, ప్రతి మెట్టు దగ్గరా నాలుగు ప్రశ్నలు వేయాలి. ఇక్కడ ఈ పని చేయాలని మనిషికి తోస్తుందా? చేయడానికి ఉన్న బటన్ అతని కంటికి కనబడుతుందా? కావలసింది ఆ బటనే అని తెలుస్తుందా? నొక్కాక పని ముందుకు కదిలిందని అర్థమవుతుందా?

ఒక రైతు తన భూమి వివరాలు చూసుకోబోతున్నాడనుకుందాం. అతని దగ్గరున్న కాగితం మీద సర్వే నంబరు, దాని పక్కన ‘ఆ’ అని భాగం ఉంది. జిల్లా, మండలం, గ్రామం దాటి సర్వే నంబరు దాకా వచ్చాడు. చేయాల్సిందేమిటో తోచింది, గడి కనబడింది. మూడో ప్రశ్న దగ్గర కాలు జారుతుంది. పేజీ ఇంగ్లీషులో తెరుచుకుని, ‘అ’ ఒక ‘ఏ’గా, ‘ఆ’ రెండు ‘ఏ’లుగా మారి ఉంటే తనది ఏదో అతనికెలా తెలియాలి? సూత్రాల పట్టికతో పేజీని పైపైన చూసినవారికి ఇది దొరకదు. కాగితం చేతిలో పట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగినవారికే దొరుకుతుంది. అందుకే శిక్షణలో ఉత్తి చేతులతో సైటు తెరవనివ్వకూడదు. పాసుబుక్కు నకలో, పీఎఫ్ నంబరున్న చీటీయో, ఏది వాడేవారి చేతిలో ఉంటుందో అది వీరి చేతిలోనూ ఉండాలి.

పక్కన కూర్చుని చూడటం

పై రెండు పద్ధతుల్లోనూ వాడేవారు లేరు, పరిశీలకుల ఊహే ఉంది. మూడో పద్ధతిలో నిజమైన మనిషిని కూర్చోబెట్టి, పని అప్పగించి, మనసులో అనుకునేది పైకి చెప్పమంటారు. దీన్ని సౌలభ్య పరీక్షల్లోకి తెచ్చినవాడు కూడా పైన చెప్పిన క్లేటన్ లూయిసే, 1982లో ఐబీఎంలో పనిచేస్తున్నప్పుడు. వినడానికి తేలికే. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది మాత్రం ఇక్కడే.

ఒక బీడీ కార్మికురాలు పీఎఫ్ నిల్వ చూసుకునే పనిలో ఉందనుకోండి. తెర మీద ఏదో ఎర్రగా వచ్చింది. ఆమె ఆగిపోయింది.

“ఏం చూస్తున్నవ్ పెద్దమ్మా?”

“ఎర్రగ ఏందో రాసొచ్చింది బిడ్డా. నేనేమన్న తప్పు జేసిన్నా?”

ఈ క్షణంలో పరిశీలకురాలి నాలుక చివరన ఉండే మాట: “ఏం గాలే పెద్దమ్మా, పైన గా మూడు గీతలున్నయ్ చూడు, వాటి మీద నొక్కు.” ఆ మాట జారితే పరీక్ష అక్కడితో అయిపోయినట్టే. ఆ తర్వాత జరిగేదంతా పిల్ల చేసినట్టు లెక్క, పెద్దమ్మ చేసినట్టు కాదు. అనాల్సిన మాట ఇది:

“నీ తప్పేం లేదు పెద్దమ్మా. మేం పరీక్ష పెట్టింది ఈ సైటుకు, నీకు గాదు. నువ్వొక్కదానివే ఉంటే ఇప్పుడేం జేస్తుంటివి?”

“ఏం జేస్త? బంద్ జేసి మీసేవకు పోతుంటి.”

చీటీలో ఎక్కాల్సింది ఈ చివరి వాక్యం, అన్నది అన్నట్టుగా. ‘వాడుకరికి సందేశం అర్థం కాలేదు’ అని గ్రాంథికంగా మార్చి రాస్తే దానిలో సారం పోతుంది.

మన దగ్గర ఇంకో ఇబ్బంది ఉంది. ఇంటికొచ్చిన పిల్లలు చూపించిన సైటును తప్పుపట్టడానికి పెద్దలకు మొహమాటం. “మంచిగనే ఉంది బిడ్డా” అంటారు. భారతదేశంలో ఇలాంటి పరీక్షలు నడిపిన అపలా లాహిరీ చవాన్ దీనికి ‘బాలీవుడ్ పద్ధతి’ అనే ఉపాయం కనిపెట్టింది. పనిని ఉత్తిగా అప్పగించకుండా, సినిమాలోలాంటి ఆపద కథలో మనిషిని నిలబెట్టి అప్పగించడం అందులోని కిటుకు. కథలో లీనమైన మనిషి మొహమాటం మరిచి సైటును నిలదీస్తాడు. “పొద్దున్నే బిడ్డ లగ్గం, ఇంకో గంటలో పైసలు జమ కావాలె” అని మొదలుపెట్టి చూడండి, ఇందాక “మంచిగనే ఉంది” అన్న నోరే “గీ బటన్ ఏడ దాచిపెట్టిన్రు?” అంటుంది.

చదవడం రానివారి సంగతి కూడా మరవకూడదు. బెంగళూరులో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియాలో ఇంద్రాణి మేధి, ఆమె సహచరులు 2000ల మధ్యలో ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లతో కలిసి అక్షరాలు లేకుండా బొమ్మలతో, మాటలతో నడిచే తెరలను తయారు చేసి పరీక్షించారు. చదువు రాకపోవడం మనిషి లోపంగా కాక, తెర తీర్చాల్సిన షరతుగా చూడవచ్చని ఆ పని చూపించింది.

ఇక తెర బయటి పరిస్థితి. ఆధార్‌కు జతచేసిన నంబరు భర్త ఫోనులో ఉంది, భర్త దుబాయిలో కట్టడం పనిలో ఉన్నాడు. ఇక్కడ మధ్యాహ్నం పన్నెండైతే అక్కడ పదిన్నర. ఓటీపీ అక్కడికి పోతుంది. అతను పని మధ్యలో ఫోను తీసి, చూసి, ఇక్కడికి ఫోన్ చేసి చెప్పేలోపు గడువు దాటిపోతుంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతంలో గల్ఫ్‌కు పోని ఊరు అరుదు కాబట్టి ఇది ఎవరో ఒకరి కష్టం కాదు. పట్నంలోని ఆఫీసులో, అందరి ఫోన్లూ అందరి జేబుల్లో ఉన్నచోట, ఈ లోపం ఎన్నటికీ బయటపడదు.

చీటీలు కలపడం

అందరి చీటీలనూ బల్ల మీద పరిచి, ఒకే లోపం గురించి రాసినవాటిని ఒకచోట పెట్టాలి. ఒక్కరే పట్టిన లోపాన్ని “ఇంకెవరికీ కనబడలేదు కదా” అని పక్కన పెట్టేయడం మామూలుగా జరిగే పొరపాటు. మోర్టెన్ హెర్ట్‌జుమ్, నీల్స్ యాకోబ్‌సెన్ 2001లో ఇలాంటి అధ్యయనాలను పోల్చి చూశారు. ఒకే వ్యవస్థను ఒకే పద్ధతిలో చూసిన ఏ ఇద్దరి మధ్యనైనా ఏకాభిప్రాయం సగటున 5 నుంచి 65 శాతం దాకానే ఉంది. ఆరితేరినవారి సంగతే ఇట్లా ఉంటే కొత్తవారి చీటీలు కలవకపోవడం వింతేమీ కాదు. ఒంటరి చీటీని నిజమైన మనిషి దగ్గర మళ్లీ పరీక్షించి తేల్చుకోవాలి.

పరీక్షకు ఎంతమంది కావాలి? నీల్సన్, థామస్ లాండవర్ 1993లో వేసిన లెక్క ప్రకారం అయిదుగురితోనే 85 శాతం దాకా లోపాలు బయటపడతాయి. ఈ అంకె ప్రచారంలోకి వెళ్లి దాని వెనకున్న షరతు మరుగున పడింది. ఆ అయిదుగురూ ఒకే తీరు మనుషులై ఉండాలి. అయిదుగురు డిగ్రీ పిల్లలతో పరీక్షించి రైతుకూ, బీడీ కార్మికురాలికీ కలిపి తీర్పు చెబితే లెక్క తప్పుతుంది. ప్రతి తీరు మనుషుల్లోంచీ కొందరు ఉండాలి. మీసేవ కేంద్రంలో అందరి తరఫునా నింపే ఆపరేటర్ కూడా వాటిలో ఒక తీరు. అతను రోజంతా నొక్కి నొక్కి లోపాల పక్కనుంచి పోవడం నేర్చుకుని ఉంటాడు. అతని వేగాన్ని చూసి సైటు బాగుందనుకోకూడదు.

తెర తప్పు, రికార్డు తప్పు

చివరి పాఠం హద్దుల గురించి. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. 33 మాడ్యూళ్లను 6కు తగ్గించారని పత్రికలు రాశాయి. మెనూ చిన్నదైతే వెతుకులాట తగ్గుతుందన్నది నిజమే. కానీ పరిశీలకులు అంకె చూసి మార్కులు వేయరు. “రెండు గుంటలు తక్కువ పడ్డయ్” అనే రైతు ఆ ఆరింటిలో తనది ఏదో ఎవరి సాయమూ లేకుండా పట్టుకోగలడా అని చూస్తారు. 33 తలుపులున్నప్పుడు వెతకడం కష్టం. ఆరే ఉన్నప్పుడు ఒక్కో తలుపు వెనక ఏముందో ఊహించడం కష్టం కావచ్చు. ఏది ఎక్కువో పరీక్షే చెప్పాలి.

పరిశీలకులు తమ పరిధి ఎక్కడ ముగుస్తుందో కూడా తెలుసుకోవాలి. రికార్డులో తాత పేరు తప్పుగా ఉండటం సైటు లోపం కాదు. ఆ తప్పు సర్వేలోనో, కార్యాలయంలోనో ఎప్పుడో పుట్టి ఉంటుంది. దాన్ని సరిచేయించుకునే దారి తెర మీద లేకపోవడం, ఉన్నా కనబడకపోవడం, కనబడినా ఏ కాగితం జతచేయాలో చెప్పకపోవడం మాత్రం సైటు లోపాలే. రెండింటినీ కలిపేసి రాస్తే సైటు తయారుచేసినవారు “అది రెవెన్యూ వాళ్ల పని” అంటారు, రెవెన్యూవారు “అది కంప్యూటర్ సమస్య” అంటారు. రైతు మధ్యలో మిగిలిపోతాడు. విడదీసి రాస్తే ఎవరి చీటీ వారి చేతికి పోతుంది.

మీరూ చేయండి

1. మీ ఇంట్లో ఎవరికో నిజంగా అవసరమున్న ఒక పనిని, ఒక సైటును ఎంచుకోండి. ఎవరి కోసం, ఏ పని, ఏ ఫోనులో అన్నది ఒక్క వాక్యంలో రాయండి. మీ వ్రాతలో మనిషి పేరు, ఆధార్, ఖాతా నంబర్లు రాయకండి.

2. మీరు, మీ స్నేహితులు విడివిడిగా ఆ పనిని మెట్టు మెట్టుకూ నాలుగు ప్రశ్నలతో నడిపి, లోపానికో చీటీ రాయండి. అన్నీ రాసేదాకా ఒకరివి ఒకరు చూడవద్దు.

3. పని ఎవరిదో వారిని కూర్చోబెట్టి చేయించండి. వారు ఆగినచోట మీరు నోరు మూసుకుని, వారన్న మాట అన్నట్టుగా రాసుకోండి.

4. చీటీలు కలిపి, తీవ్రత వేసి, 3, 4 అంకెలు పడినవాటిని ఆ సైటులో ఉండే ఫిర్యాదు చిరునామాకు పంపండి. సైటు మారిందని తెలిసిన రోజు అదే పనిని అదే మనిషితో మళ్లీ చేయించండి. సరిచేశామన్న మాటకు రుజువు ఆ రెండో పరీక్షే.